హన్మాండ్లు పెట్టెలోని వెండి కళ్ళు

హన్మాండ్లు జేసీబీని ఆపిన రోజు నుంచి లేబర్ క్యాంపులో అతనితో తిన్నగా మాట్లాడినవాళ్ళు లేరు.

అతనిది కోరుట్ల దగ్గర ఒక పల్లె. వయసు నలభై ఎనిమిది. వాళ్ళ నాయన బావులు తవ్వేవాడు, హన్మాండ్లూ ఆ పనిలోనే పెరిగాడు. గడ్డపార నేలకు తగిలిన చప్పుడు విని కింద ఉన్నది మొరమా, బండా, ఎవరో ఒకప్పుడు తవ్వి పూడ్చిన పాత మట్టా చెప్పగలడు. ఊళ్ళో బోర్లు పడ్డాక బావులు తవ్వించుకునేవాళ్ళు లేకుండా పోయారు. అప్పుడు ఖతర్ వచ్చాడు. ఇంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ దుబాయ్ అనే అంటారు. పద్దెనిమిదేళ్ళుగా పైపులకూ పునాదులకూ గుంతలు తవ్వుతూనే ఉన్నాడు.

మెత్తటి మనిషి కాదు. ఎవరైనా ఒక మాట అంటే దాన్ని ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుంటాడు. నవ్వు తక్కువ. తన పనికి వంక పెడితే అసలు ఓర్చుకోడు. క్యాంపులో అతన్ని గౌరవించేవాళ్ళు ఉండేవారు గాని, ఇష్టపడేవాళ్ళు అప్పటికే తక్కువ.

ఆ నవంబరులో ఉమ్ సలాల్ దాటాక, తోటల అవతల, మురుగునీటి పైపు కోసం కాలువ తవ్వుతున్నారు. ఇరవై రెండు మంది మనుషులు, ఒక జేసీబీ. ఫోర్‌మన్ శ్రీరామమూర్తి అమలాపురం వైపు మనిషి. ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ ఇంగ్లీషుతోనే పైకొచ్చాడు, దాన్ని ఎవరికీ మరిచిపోనివ్వడు.

పొద్దున్న పది గంటలప్పుడు కాలువలో అంచులు సరిచేస్తున్న హన్మాండ్లు గడ్డపార వేశాడు. చప్పుడు మారింది. మరో చోట వేశాడు. అక్కడా అంతే. చేత్తో మట్టి తోసి చూస్తే చెక్కిన రాయి, దాని పక్కన ఇంకోటి, మధ్యలో సున్నం. జేసీబీ తొండం అప్పటికే దిగుతోంది.

"ఆపు! ఆపు భాయ్!" అని రెండు చేతులూ ఊపాడు.

యంత్రం ఆగింది. శ్రీరామమూర్తి పరుగున వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఎవడ్రా ఆపమన్నది?"

"నేనే సార్. కింద గోడ ఉన్నది."

"గోడేంటి? ఇక్కడ ఇసుక తప్ప ఏముంది?"

"బాయిలు తవ్వినోన్ని సార్, నాకు తెల్వదా? గివి మనిషి చెక్కిన రాళ్ళు. సున్నం వెట్టి పేర్చిన్రు. మిషిన్ పండ్లు తగిల్తే మొత్తం పోతది."

"పోతే పోనీ. సాయంత్రానికి అరవై మీటర్లు అవ్వాలి. జరుగు పక్కకి. యల్లా!"

హన్మాండ్లు జరగలేదు. ఆ రాళ్ళ మీదే కూర్చున్నాడు. రాళ్ళ మీద అతనికి ప్రేమేమీ లేదు. పాత కట్టడం తగిలిన చోట యంత్రం పెడితే పక్క మట్టి కూలి కింద మనుషులు చస్తారని నాయన నేర్పిన సంగతి ఒకటి. శ్రీరామమూర్తి 'జరుగు' అన్న తీరు రెండోది. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

ఫోర్‌మన్ తిట్టాడు. గట్టు మీదివాళ్ళు నవ్వారు. అరగంట ఆ రభస నడుస్తుండగా పురావస్తు ఆఫీసు ఇన్‌స్పెక్టర్ బండి వచ్చింది. వారానికోసారి పైపు దారి వెంట చూసుకుంటూ పోవడం ఆయన డ్యూటీ. కాలువలోకి దిగి రాళ్ళు చూశాడు, ఫోన్ చేశాడు, సాయంత్రానికల్లా చుట్టూ ఎర్ర టేపు కట్టించాడు. పైపు పని ఆగిపోయింది.

వారం తిరిగేసరికి తవ్వకానికి ఫ్రాన్స్ నుంచి ఒక బృందం దిగింది. కూలీల్లో చేతి పని తెలిసిన నలుగురిని ఉంచుకున్నారు. అందులో హన్మాండ్లు మొదటివాడు. మిగిలిన పద్దెనిమిది మందిని కంపెనీ ఎడారిలో కంకర మిషన్ దగ్గరికి మార్చింది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు బస్సు. రోజంతా రాతి దుమ్ము. పైపు పని వెనకబడింది కాబట్టి ఎవరికీ లీవులు లేవని గోడకు కాగితం అంటించింది.

ఆ కాగితం దెబ్బ అందరికంటే గట్టిగా తగిలింది మారుతికి. హన్మాండ్లు ఊరివాడే, ముప్పై ఏళ్ళ మనిషి. అతన్ని ఈ కంపెనీలో పెట్టించింది హన్మాండ్లే. మారుతికి కూతురు పుట్టి పది నెలలైంది. ఇంకా చూడలేదు. డిసెంబరు లీవు ఖాయమైంది, బ్యాగు కూడా సర్దుకున్నాడు. ఇప్పుడు ఆ బ్యాగు మంచం కింద ఉంది.

కాగితం అంటించిన సాయంత్రం హన్మాండ్లు మెస్సులోకి వచ్చి కంచం తీసుకోబోతే మారుతి అన్నం గిన్నె మీద మూత పెట్టాడు.

"నీది నువ్వే అండుకో ఇగ."

"ఏమైందిరా?"

"ఏమైందా? ఇన్నేండ్లు కాకా కాకా అనుకుంట నీ ఎనక తిరిగిన. నా బిడ్డ మొఖం సూడకుంట జేసినవ్."

"నేను జేసిన్నా? లీవులు బంద్ వెట్టింది కంపెనీ."

"జేసీబీ ఆపిందెవరు?"

పక్కనున్నవాళ్ళు తలలు దించుకుని తింటున్నారు. ఒక్కరూ మారుతిని ఆపలేదు. హన్మాండ్లు కంచం బల్ల మీద విసిరి బయటికొచ్చాడు. ఒక్క మంచి మాట చెప్పి ఉంటే ఏమయ్యేదో గాని, అతను చెప్పలేదు. మర్నాడే వేరే పొయ్యి, వేరే గిన్నె తెచ్చుకున్నాడు. మారుతి కూడా ఆ రోజు నుంచి 'కాకా' అనడం మానేశాడు.

తవ్వకం దగ్గరా సుఖం లేదు. బృందానికి పెద్ద సోలాంజ్ అనే ఆవిడ. యాభై దాటిన మనిషి, ఎండకు కందిన మొహం. మెచ్చుకోలు మాట ఆమె నోట్లోంచి రాదు. కూలీలను పేర్లతో కాక హెల్మెట్ మీది నంబర్లతో పిలిచేది. హన్మాండ్లు ఆమెకు 'ఫోర్టీన్'. అతను గడ్డపార ఎత్తితే "మాఫీ, మాఫీ!" అని, అరబ్బీలో వద్దు వద్దని అరిచి చిన్న తాపీ, కుంచె చేతిలో పెట్టేది. ఆమె మాటలు చెప్పడానికి కంపెనీ శ్రీరామమూర్తినే అక్కడ ఉంచింది. పని ఆగినందుకు పైవాళ్ళ చేత చీవాట్లు తిన్న శ్రీరామమూర్తి ఆ కసి అంతా హన్మాండ్లు మీదే తీర్చుకునేవాడు. ఆమె నెమ్మదిగా చెప్పిన మాటను తెలుగులో తిట్టుగా మార్చి విసిరేవాడు.

అయినా నేల తెరుచుకుంది. చదరంగా ఒక చిన్న గది, దాని చుట్టూ నడవడానికి వసారా లాంటి దారి, దారి బయట ఇంకో గోడ. గది ముందు ఎండిపోయిన బావి. బావి అంచు చూడగానే హన్మాండ్లుకు ఇది ఇల్లు కాదని అర్థమైంది. గది చుట్టూ తిరగడానికి అంత జాగా ఏ ఇంటికి వదులుతారు?

నాలుగో వారం బావి ఒరలో మట్టి తీస్తుంటే అతని తాపీకి ఆకులాంటి రేకు తగిలింది. కంచు రేకు, పచ్చగా చిలుము పట్టి ఉంది. కుంచెతో దులిపితే దాని మీద రెండు కళ్ళు. రెప్పలు, గుడ్లు, అన్నీ గీసి ఉన్నాయి. దాని కింద ఇంకోటి. ఆ వారంలో పదకొండు దొరికాయి.

మొదటి రేకు చేతిలోకి తీసుకోగానే అతనికి సంగతి తెలిసిపోయింది. "సార్, గివి మొక్కు కండ్లు" అన్నాడు శ్రీరామమూర్తితో. "కండ్లు మంచిగైతే దేవునికి ఇచ్చేటియి. మా దిక్కు వెండియి ఇస్తరు. మేడంకు చెప్పున్రి."

"నోర్మూసుకో. దేవుడూ మొక్కూ అని ఇక్కడ వాగావంటే నీతో పాటు నన్నూ విమానం ఎక్కిస్తారు. నీ పని మట్టి తియ్యడం."

సోలాంజ్ తలెత్తి ఏమంటున్నాడని అడిగింది. టీకి వదలమంటున్నాడని చెప్పాడు శ్రీరామమూర్తి. ఆమె మొహం చిట్లించి వద్దంది.

ఈ సంగతి విన్నవాడు ఒకడున్నాడు. బృందం బండి నడిపే మహబూబ్, బోధన్ మనిషి. మధ్యాహ్నం హన్మాండ్లు పక్కన చతికిలబడి చెప్పాడు. "భాయ్, మేడంకు ముందే తెలుసు. వాళ్ళ ఫ్రాన్స్‌ల గూడ గిసువంటి గుడే తవ్విందట. గాల్ అనేటోళ్ళు, రోమ్ రాజుల కింద ఉన్నప్పుడు కట్టిన్రట, రెండు వేల ఏండ్ల కింద. నడుమ అర్ర, సుట్టు తిరిగే తొవ్వ, పక్కన ఊట నీళ్ళు. కండ్లు నొస్తే ఆ నీళ్ళతోటి కడుక్కొని కంచు కండ్లు ఇచ్చేటోళ్ళట. ఫోటోలు సూపిచ్చింది పొద్దుగాల. అచ్చం గిట్లనే ఉన్నయ్. గదెట్లా గింత దూరం అచ్చిందని తల బద్దలు కొట్టుకుంటున్నది."

హన్మాండ్లు లేచి తట్ట అందుకున్నాడు. తనకొక్కడికే తెలిసిందనుకున్న సంగతి ఆమెకు ముందే తెలుసని విని ఎందుకో కోపమొచ్చింది. తెలిసీ ఆ రేకుల మీద నంబర్లు రాసి పెట్టెల్లో పెట్టుకుంటోందే అనిపించింది.

అతని కోపానికి వేరే కారణం కూడా ఉంది. అతని భార్య గంగామణి కంకర కొడుతుంటే రాతి పెచ్చు ఎగిరి కంట్లో గుచ్చుకుంది. కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. మూడు నెలలు కట్టు విప్పలేదు. చూపు వస్తే వెండి కళ్ళు చేయిస్తానని హన్మాండ్లు ఊరి పోచమ్మకు మొక్కుకున్నాడు. చూపు వచ్చింది. లీవులో ఊరికి పోయినప్పుడు కోరుట్లలో ఔసులాయన, అంటే కంసాలి, దగ్గర వెండి కళ్ళు చేయించాడు, తోడుగా మారుతి కూడా వచ్చాడు. రేకు వెనక గంగామణి పేరుకు గుర్తుగా 'గం' అని సూదితో గీయించాడు. అంతలో కంపెనీ నుంచి టికెట్టు నాలుగు రోజులు ముందే వచ్చిపడింది. మొక్కినవాడి చేత్తోనే చెల్లించాలి. పసుపు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుని వచ్చేశాడు. రెండేళ్ళ నుంచి అవి క్యాంపులోనే ఉన్నాయి.

ఆ గురువారం సాయంత్రం రేకులు లెక్క చూస్తే పది ఉన్నాయి. పదకొండోది లేదు.

ట్రేలన్నీ తిరగేశారు. మట్టి మళ్ళీ జల్లెడ పట్టారు. సోలాంజ్ మొహం పాలిపోయింది. అప్పుడు శ్రీరామమూర్తి గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పాడట, ఫోర్టీన్ వాటిని చూసి చాలా ఇదైపోయాడని, వాళ్ళ దేవుడికి ఇలాంటివే ఇస్తారని తనతో అన్నాడని. అంటే టీ అడిగాడని చెప్పిన మాటను ఇప్పుడు అవసరం కొద్దీ సరిచేశాడన్నమాట. తాను నెల రోజులుగా పక్కన కూర్చోబెట్టుకుని పని చేయించుకున్న మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సోలాంజ్ ఆ మాట నమ్మింది.

శుక్రవారం, అందరూ గదుల్లో ఉన్న వేళ, ఇద్దరు సెక్యూరిటీ గార్డులతో శ్రీరామమూర్తి వచ్చాడు. హన్మాండ్లు పరుపు లేపారు. బట్టలు కింద పోశారు. పెట్టె తెరిచారు. అడుగున పసుపు గుడ్డ. గార్డు విప్పగానే రెండు కళ్ళు తళుక్కుమన్నాయి.

"అయి నాయి! నా ఇంటిదాని మొక్కు!" అని హన్మాండ్లు చెయ్యి చాపాడు. గార్డు అతన్ని గోడకు నెట్టాడు.

శ్రీరామమూర్తి రేకును వేళ్ళ మధ్య తిప్పాడు. వెనక్కి తిప్పి చూశాడు. రెండు క్షణాలు అలాగే చూసి పిడికిలి మూశాడు.

హన్మాండ్లు పై మంచం వైపు తిరిగాడు. మారుతి అక్కడే పడుకుని ఫోన్ చూస్తున్నాడు.

"చెప్పురా! నీకు తెల్సు గదా! ఔసులాయన కాడికి నువ్వే గదా నాతోటి అచ్చింది!"

"ఏమయ్యా మారుతీ, నీకేమైనా తెలుసా?" అన్నాడు శ్రీరామమూర్తి.

మారుతి ఫోన్ మీంచి కళ్ళు ఎత్తలేదు.

"నాకేం తెల్వది సార్."

గార్డు నెట్టినప్పుడు, బట్టలు తొక్కినప్పుడు హన్మాండ్లు గింజుకున్నాడు. ఆ మాట విన్నాక గింజుకోలేదు. వాళ్ళ ముందు నడిచి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దుటిదాకా గేటు పక్కన సెక్యూరిటీ గదిలో ఉంచారు. ఫోన్ లాక్కున్నారు. అన్నం పెడితే తినలేదు. పొద్దున్న మహబూబ్ బండిలో, గార్డును పక్కన కూర్చోబెట్టి, తవ్వకం ఆఫీసుకు తీసుకెళ్ళారు.

సోలాంజ్ రేకు అందుకుని ఒక్క చూపు చూసింది. "ఇది మనది కాదు" అంది. "వెండి. కొత్తది." వెనక్కి తిప్పింది. గీతలు కనిపించాయి. "ఇది ఏ లిపి?"

గుమ్మంలో ఉన్న మహబూబ్ మెడ చాపి చూశాడు. "తెలుగు మేడం. 'గం' అని ఉంది."

ఆమె నెమ్మదిగా శ్రీరామమూర్తి వైపు తిరిగింది. "నీదీ తెలుగే కదా?"

"సరిగా చూడలేదు మేడం. కళ్ళజోడు లేదు."

కళ్ళజోడు అతని జేబులోనే ఉంది.

పోయిన కంచు రేకు ఆ మధ్యాహ్నమే దొరికింది. రిజిస్టరు రాసే జహనారా ఒకటో నంబరు ట్రేలో ఉండాల్సిన దాన్ని ఏడో నంబరు సంచిలో పెట్టింది. సోలాంజ్ రాసే ఒకటి అచ్చం ఏడులా ఉంటుంది. తప్పు సోలాంజ్ చేతి రాతదే. సోలాంజ్ ఆ చీటీ చూసి, బయట కూర్చున్న హన్మాండ్లు దగ్గరికి వచ్చింది.

"ఓకే ఫోర్టీన్. ఫినిష్. వర్క్."

అంతే. హన్మాండ్లు లేచి నిలబడ్డాడు, కాని కాలువ వైపు కదల్లేదు.

"నా పేరు హన్మాండ్లు" అన్నాడు మహబూబ్‌తో. "దొంగ అని అందరి ముందట తీస్కపోయిన్రు. దొంగ కాదని అందరి ముందటనే చెప్పాలె. గప్పటిదాక నేను తాపీ ముట్ట."

ఆమె కుదరదంది. క్యాంపుకు వచ్చి ఉపన్యాసం చెప్పడం తన పని కాదంది. శ్రీరామమూర్తి డిపోర్ట్ చేయించి ఊరికి పంపిస్తానని బెదిరించాడు. హన్మాండ్లు క్యాంపుకు పోయి మంచం మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం తిరిగిచ్చిన ఫోన్‌తో గంగామణికి చేస్తే ఆమె కూడా కసురుకుంది. "దుబాయ్‌ల గుడేంది? నువ్వు గా మిషిన్‌ను ఎందుకు ఆపినవ్? అందరు పోతున్న తొవ్వల పోతే నీ పానం పోతదా?" అతను ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులు గడిచాయి. బావి ఒర పక్క మట్టి అతను లేకపోతే నిలవలేదు. మిగిలిన ముగ్గురు తవ్విన చోటల్లా కూలింది. రెండోసారి కూలినప్పుడు గది మూల రాయి ఒకటి పక్కకు ఒరిగింది. మూడో రోజు తెల్లవారుతూనే, బస్సులు బయల్దేరే వేళకు సోలాంజ్ క్యాంపు గేటు దగ్గర దిగింది. న్యాయం కోసమా, గోడ కోసమా అన్నది హన్మాండ్లు ఎన్నడూ తేల్చుకోలేకపోయాడు.

అందరూ బస్సుల ముందు గుమిగూడారు. ఆమె జేబుల్లో చేతులు పెట్టుకుని నాలుగైదు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పింది. శ్రీరామమూర్తి ముందుకొచ్చాడు.

"విన్నారా? మేడం ఈ ఒక్కసారికి ఇతన్ని క్షమించి వదిలేస్తున్నారు. ఇంకెవరైనా అక్కడ వస్తువులు ముట్టుకుంటే ఊరుకోరు."

"గలత్! అబద్ధం!" అని అరిచాడు మహబూబ్. బండి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. "మేడం గట్ల చెప్పలే! తప్పు నాది అన్నది. నంబరు నేనే తప్పు రాసిన అన్నది. ఈ మనిషి ఏం తియ్యలే, పెట్టెల దొరికింది ఆయన సొంతం అన్నది. ఆ వెండి మీద తెలుగు అక్షరం ఉండె, ఫోర్‌మన్ సూసి గూడ చెప్పలే అన్నది. నాకొచ్చింది గంతే ఇంగ్లీషు, గని గది మంచిగనే అర్థమైంది!"

శ్రీరామమూర్తి మెడ ఎర్రబడింది. "డ్రైవరువి, డ్రైవరులా ఉండు" అన్నాడు.

హన్మాండ్లు జనం మొహాలు చూశాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. రాతి దుమ్ముకు కళ్ళు ఎర్రబడ్డ ఒకతను వెనక నుంచి అన్నాడు. "అయితే మా లీవులు ఇప్పిస్తదా మేడం?" బస్సు హారన్ కొట్టింది. అందరూ ఎక్కారు. మారుతి అందరికంటే ముందు ఎక్కి అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు.

వెండి కళ్ళు ప్లాస్టిక్ సంచిలో, రేకు మీద అంటించిన నంబరు చీటీతో తిరిగొచ్చాయి. హన్మాండ్లు ఆ చీటీని మేకు మొనతో గీకి తీసేశాడు, వెండి మీద గీతలు పడ్డాయి. ఆ రోజే పనిలోకి దిగాడు. మార్చి దాకా ఒక్క రాయి కదలకుండా గోడలన్నీ తేల్చాడు. సోలాంజ్ అతన్ని పేరుతో పిలవడానికి ప్రయత్నించింది గాని నోరు తిరగలేదు, 'అన్మాన్' దగ్గర ఆగిపోయేది. అతను సరిదిద్దలేదు. చివరి రోజు ఆమె ఒక్కొక్కరికే చెయ్యి కలుపుతూ వచ్చింది. తన వంతు వచ్చేసరికి హన్మాండ్లు తట్ట ఎత్తుకుని నడిచిపోయాడు. రాళ్ళ మీద గుడ్డ పరిచి, మెత్తటి ఇసుక పోసి గుడినంతా మళ్ళీ కప్పేశారు. పైపు దారి పక్కకు తిప్పారు. శ్రీరామమూర్తికి ఏమీ కాలేదు. ఇంకో సైటుకు ఫోర్‌మన్‌గా వెళ్ళాడు. హన్మాండ్లు కంపెనీకి రాయించిన ఫిర్యాదుకు జవాబు రాలేదు.

ఏప్రిల్‌లో లీవులు మళ్ళీ మొదలయ్యాయి. హన్మాండ్లు ఊరికి పోయి మొక్కు చెల్లించాడు. గంగామణి పక్కన నిలబడి, ఆ వెండి మీద పడ్డ గీతలు ఏమిటని అడిగింది. రాళ్ళకు తగిలిందని చెప్పాడు. మారుతి మే నెలలో వెళ్ళాడు. కూతురు అతన్ని చూసి ఏడుపు లంకించుకుందని, పది రోజులు దగ్గరికే రాలేదని ఎవరో చెప్పగా హన్మాండ్లు విన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ అల్ సద్‌లో ఒక పన్నెండంతస్తుల బిల్డింగు పనిలో ఉన్నారు. కొత్త సూపర్‌వైజరు తెలుగువాళ్ళని, ఒకే ఊరివాళ్ళని, ఇద్దరినీ జంట కట్టాడు. ఇనుప రాడ్లు పైకి లాగే పని. ఒకరు కింద కట్టాలి, ఒకరు పైన అందుకోవాలి. కింద ముడి సరిగా పడకపోతే పైవాడి ప్రాణం పోతుంది. హన్మాండ్లు ముడి గట్టిగానే వేస్తాడు. మారుతి జాగ్రత్తగానే అందుకుంటాడు.

ఒకసారి టీ వేళ మారుతి గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఆ దినం..." అన్నాడు.

"పని మాట ఉంటే చెప్పు" అన్నాడు హన్మాండ్లు.

మారుతి గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు. అది జరిగి ఆరు నెలలైంది. రోజుకు పది గంటలు ఒకే తాడు పట్టుకుని పని చేస్తారు. పట్టు, వదులు, లాగు, ఆపు. వాళ్ళిద్దరి మధ్య నడిచే మాటలు ఆ నాలుగే.